బొంగరం అడగలేని మాట

మా తమ్ముడు కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు చాలా తక్కువ. కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. చిన్నప్పుడు వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూ అన్నం తినేవాడు, ముద్దకో చుట్టు. "కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిట్రా" అని మా అమ్మ అరిచి అరిచి, గొంతు పోయాక బొంగరం అని పేరు పెట్టి ఊరుకుంది. ఆ పేరే నిలిచింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరాక అక్కడా బొంగరమే, పెళ్ళయ్యాక పెళ్ళానికీ బొంగరమే.

వాడి స్వభావానికి తగిన పనే దొరికింది. పొద్దున్న ఒక మేడ, మధ్యాహ్నం ఒక మేడ. లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి, ఆ చీకటి గొట్టంలో కిందికీ పైకీ తిరుగుతూ, ఇనుప తాళ్ళు చేసే చప్పుడు విని జబ్బు ఎక్కడుందో పట్టుకునేవాడు. ఊళ్ళో సగంమంది మోకాళ్ళు వాడి చలవ. వాడున్న ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. మూడో అంతస్తు, ఇరుకు మెట్లు, మలుపు దగ్గర బీరువా కూడా తిరగదు.

అమ్మ పోయేనాటికి వాడింకా బడికెళ్ళే పిల్లవాడు. పెంచింది అక్కని, నేను. వాడికి నేను నేర్పిన చదువు ఒక్కటే: ఎవర్నీ ఏదీ అడక్కు, పిలవని పేరంటానికి వెళ్ళకు. మాకు ఆస్తి లేదు, అంతస్తు లేదు, తలెత్తుకు తిరగడం ఒకటే ఉంది, అది పోతే ఇంకేం మిగులుతుంది? ఇప్పటికీ అదే అంటాను. వాడు ఆ చదువు మరీ బాగా వంటబట్టించుకున్నాడు. భోజనానికొస్తే ఉప్పు తక్కువైనా అడగడు, మొహం చూసి మనమే వెయ్యాలి.

మా మరదలికి కాళ్ళు పడిపోయిన ఏడాది ఈ కథ మొదలైంది. నరాల జబ్బు. వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మూడంతస్తులు దింపేదెలా? ఆసుపత్రిలో ఒక నర్సు మా మేనల్లుడికి, అంటే తమ్ముడి కొడుక్కి, చెప్పింది, ఫలానా పాత మేడ వెనక రేకుల షెడ్డుంది, అక్కడ చక్రాల కుర్చీ ఊరికే ఇస్తారు, అవసరం తీరాక తిరిగిచ్చెయ్యాలి, అంతే అని. మేనల్లుడు వెళ్ళి ఎన్నో అంతస్తో చెప్పి కుర్చీ తెచ్చాడు. కుర్చీ వచ్చిన మర్నాడు నలుగురు మగవాళ్ళు కూడా వచ్చారు, మేం అడక్కుండానే.

సన్నగా కొంగలా ఉండే పళ్ళ డాక్టరు, బొజ్జ ముందు నడిస్తే తను వెనక నడిచే సిమెంటు వ్యాపారి, రిటైరైన డ్రిల్లు మాస్టారు, కళ్ళజోడు జారిపోయే ఒక దర్జీ. తలో మూల పట్టుకున్నారు. డ్రిల్లు మాస్టారు "ఎడమ, కుడి, మలుపూ..." అని లెక్క చెబుతుంటే మరదల్ని కుర్చీతో సహా కిందికి దింపారు. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. నవ్వింది.

"చూశావా వదినా, పెళ్ళిలో లేని పల్లకీ ఇప్పుడొచ్చింది."

"పల్లకీ బాగానే ఉంది గానీ బోయీలకి ఆయాసం వస్తోంది," అన్నాను సిమెంటాయన్ని చూసి.

"ఆయాసం నాది కాదమ్మా, బొజ్జది," అన్నాడాయన.

ప్రతి వారం వచ్చారు. ఒక్క వారం తప్పలేదు. టీ ఇస్తే తాగారు. "ఎవరు బాబూ మీరు, ఏ సంఘం?" అని అడిగితే డ్రిల్లు మాస్టారు, "కుర్చీ వాళ్ళమమ్మా," అన్నాడు. ఫొటో తీసుకోలేదు, పేపర్లో వేయించుకోలేదు. మరదలు పోయిన రోజున కూడా మెట్లు దింపింది ఆ నలుగురే. ఆ రోజు మాత్రం డ్రిల్లు మాస్టారు లెక్క పైకి చెప్పలేదు, పెదవులు కదిపాడు.

ఆ ఏడాదే తమ్ముడికి కంపెనీలో రిటైర్మెంటు. ఇంట్లో మనిషి లేదు, ఎక్కడానికి మేడ లేదు. ఇక చూడాలి వాడి తిరుగుడు. గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి వీధిలోకి. ఎవరివో తెలియని మేడల్లోకి పోయి లిఫ్టెక్కి, చెవి గోడకి ఆనించి, పై అంతస్తుదాకా వెళ్ళి వచ్చేవాడు. వాచ్‌మన్లు మా ఇంటికొచ్చి చెప్పారు: "అమ్మా, మీ ఆయన మా లిఫ్టుతో మాట్లాడుతున్నాడు."

"మా ఆయన కాదు, మా తమ్ముడు. మీ లిఫ్టు ఏమైనా ఫిర్యాదు చేసిందా?" అని పంపేశాను.

కొడుకు మంచివాడే. ఫోన్లు అమ్మే దుకాణంలో పని. తండ్రికి కొత్త ఫోను కొనిచ్చి నాలుగైదు గ్రూపుల్లో చేర్చాడు. "వందలమంది ఉన్నారు నాన్నా, పొద్దు తెలీదు" అన్నాడు. తమ్ముడు చూశాడు, చూశాడు, చివరికి నాతో అన్నాడు, "అక్కా, అందరూ గుడ్‌మార్నింగ్ చెబుతున్నారు. ఎవరికీ ఏమీ అక్కర్లేదు."

కుర్చీ తిరిగిచ్చెయ్యడానికి ఆ షెడ్డుకి వెళ్ళాడు. చక్రం కిర్రుమంటోందని అక్కడే కింద కూర్చుని విప్పాడు. పక్కన ఇంకో కుర్చీకి బ్రేకు పట్టడం లేదు. దాని పక్కన ఊతకర్రకి రబ్బరు ఊడింది. పొద్దుగూకింది. మళ్ళీ సోమవారం వెళ్ళాడు. ఆ తరవాత ప్రతి సోమవారమూ.

ఆ పాత మేడ ఫ్రీమేసన్ల లాడ్జి. లాడ్జి అనగానే నేను ప్రయాణికులకి గదులిచ్చేదేమో అనుకున్నాను. కాదట, తాపీపనివాళ్ళ గుర్తులు పెట్టుకున్న ఒక పాత సోదర సంఘం కలుసుకునే చోటట, ఆ నలుగురూ అందులోవాళ్ళే. గుమ్మం మీద రాతిలో వృత్తలేఖినీ, తాపీవాళ్ళ మూలమట్టమూ చెక్కి ఉంటాయి. మా వీధిలో దాన్ని దయ్యాల మేడ అంటారు. లోపల పుర్రె ఉంటుందనీ, కొత్తగా చేరినవాణ్ణి కళ్ళకి గంతలు కట్టి మేకనెక్కిస్తారనీ కూరగాయలామె నాకు చెప్పింది. "నువ్వు చూశావా?" అంటే, "మేక అరుపు విన్నాను," అంది. ఆ మేక ఆవిడ పక్కింటిదే.

సోమవారం సాయంత్రం మగవాళ్ళు నల్లకోట్లు వేసుకుని, చంకలో పలకలాంటి సంచీ పెట్టుకుని వస్తారు. అందులో తెల్లటి ముందుగుడ్డ ఉంటుందట, రాళ్ళు చెక్కేవాళ్ళు నడుముకి కట్టుకునేలాంటిది. డాక్టరైనా దర్జీ అయినా అదే కట్టుకోవాలి. చెక్క మెట్లెక్కి పైకి పోతారు. తలుపు మూసుకుంటుంది. తలుపు బయట ఒకాయన కత్తి పట్టుకుని నిలబడతాడు. కింద షెడ్డులో మా వాడు చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ పైకి చూసి, ఇంటికొచ్చేస్తాడు.

"ఏముందిరా అక్కడ నీకు?" అని ఒకసారి నిలదీశాను.

వాడు మూడుసార్లు గది దాటి చెప్పాడు. "నీ మరదల్ని ఆ నలుగురూ మోశారు కదక్కా. నాకూ అలా ఒక మూల పట్టుకోవాలనుంది. కుర్చీ ఒక్కడివల్ల కాదు. నలుగురుండాలి. ఆ నలుగురిలో నేనుండాలి."

"అయితే చేరు."

"పిలవాలి కదా."

నిజమే, పిలవాలి. నేనూ అదే అన్నాను. ఇంత పని చేస్తున్నవాణ్ణి పిలవకుండా ఎలా ఉంటారు? ఎదురుచూశాం. ఏళ్ళు గడిచాయి. షెడ్డులో కిర్రుమనే చక్రం లేదు, వదులు బోల్టు లేదు. అందరూ "బొంగరం గారూ, బాగున్నారా" అంటారు, భుజం తడతారు, మెట్లెక్కి వెళ్ళిపోతారు. ప్రతి సోమవారం వాడు శుభ్రమైన చొక్కా ఒకటి మడిచి సంచిలో పెట్టుకు వెళ్ళేవాడు. ఈ రోజు పిలుస్తారేమో, గ్రీజు చొక్కాతో ఎలా వెళ్ళడం అని. మడత నలక్కుండా తిరిగొచ్చేది. నాకు ఆ మేడ మీద మంట పుట్టుకొచ్చింది. సాయం చేసే చెయ్యి మంచిదే, పక్కన కూర్చోబెట్టుకోవడానికి మాత్రం మా వాడు తక్కువయ్యాడా?

ఇంతలో డ్రిల్లు మాస్టారు పోయాడు. కుర్చీ మోసే నలుగురిలో ఒక మూల ఖాళీ అయింది. ఈసారి తప్పదనుకున్నాం. ఆ మూలకి కరెంటు సామాన్ల కొట్టాయన వచ్చాడు. నిన్నగాక మొన్న చేరినవాడు.

ఆ సోమవారం మా వాడు షెడ్డుకి వెళ్ళలేదు. పై సోమవారమూ వెళ్ళలేదు. నేను వెళ్ళేసరికి మంచం మీద గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మోకాలు ఆడటం లేదు.

పుట్టి బుద్ధెరిగాక వాడి మోకాలు ఆగడం నేను చూడలేదు. పెళ్ళాం పోయినప్పుడు కూడా ఆగలేదు. "ఏరా" అంటే, "నేను పనికిరానులే అక్కా" అన్నాడు, అదీ గోడతోనే. బొంగరం తిరుగుతున్నంతసేపూ తల తిరిగేది మనకి. ఆగిందంటే ఒరిగిపోతుంది.

తిన్నగా పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. బయట బెంచీ మీద ఉన్నవాళ్ళు "వరుస, వరుస" అంటున్నా వినకుండా లోపలికెళ్ళి ఆ వాలు కుర్చీలో కూర్చున్నాను. ఆయన దీపం నా మొహం మీదికి తిప్పాడు.

"ఎక్కడమ్మా నొప్పి? నోరు తెరవండి."

"నోరు తెరవడానికే వచ్చాను. నొప్పి పంట్లో లేదు డాక్టరుగారూ, మీ మేడలో ఉంది. మా తమ్ముడు మీ కుర్చీలకి నూనె రాసీ రాసీ వేళ్ళు అరగదీసుకున్నాడు. రాయి చెక్కేవాడూ రాజూ మీ దగ్గర ఒకటేనట కదా? లిఫ్టు బాగుచేసేవాడు లెక్కలోకి రాడా? ఇన్నేళ్ళలో లోపలికి రా అని ఒక్కడైనా పిలిచాడా?"

ఆయన దీపం ఆర్పేశాడు. తన పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "మేం ఎవర్నీ పిలవకూడదమ్మా," అన్నాడు.

"అంటే?"

"అది మా పాత నియమం. రమ్మని మేం అడక్కూడదు. తనంతట తాను వచ్చి, తన నోటితో అడగాలి. మొహమాటానికి వచ్చినవాడు నిలవడని. నన్నూ ఎవరూ పిలవలేదు. కరెంటు కొట్టాయన్నీ పిలవలేదు, ఆయన వచ్చి అడిగాడు. మీ తమ్ముడు అడుగుతాడని మేం ఎదురుచూస్తున్నాం. డ్రిల్లు మాస్టారు మంచంలో ఉండి కూడా, బొంగరం ఏమైనా అన్నాడా, అని నన్నడిగారు. చేరడం ఇష్టం లేదేమో, నొక్కితే షెడ్డుక్కూడా రాడేమో అని భయపడ్డాం."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గుమ్మానికి అటు వీళ్ళు, ఇటు వాడు, ఇన్నేళ్ళు ఒకరి నోటికేసి ఒకరు చూస్తూ కూర్చున్నారన్నమాట!

"పిలవని పేరంటానికి వెళ్ళడం మా ఇంటా వంటా లేదు," అన్నాను.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదమ్మా."

"ఆ అమ్మెవరో నాకు తెలీదు. మా అమ్మ అడక్కుండానే పెట్టింది."

ఆయన తల వంచుకుని నవ్వాడు. "మీరు ఈ మాట అతనికి చెబితే నాకు తెలీదనుకోండి," అన్నాడు.

వెళ్ళి చెప్పాను. వాడు గోడమీంచి చూపు తిప్పాడు. "అడగాలా? అంతేనా?" అని లేచాడు. లేచి గదిలో తిరగడం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తిరుగుడు చూసి సంతోషించింది జన్మలో అప్పుడే.

కానీ అడగడమంటే వాడికి సామాన్యమా? అద్దం ముందు నిలబడి "నన్నూ చేర్చుకుంటారా" అని సాధన చేశాడు. సోమవారం వెళ్ళి సిమెంటాయన ఎదుట నిలబడ్డాడు. నోరు తెరిచాడు. గ్రీజు డబ్బా అడిగి వచ్చాడు.

"ఎవడైనా గ్రీజు డబ్బా కోసం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళతాడట్రా?" అన్నాను.

"అక్కడిదాకా వచ్చిందక్కా. గొంతులో తిరిగి లోపలికి పోయింది."

మరో వారం ఏమీ అడక్కుండానే వచ్చాడు. ఇక లాభం లేదని డాక్టరు దగ్గరికే వెళ్ళాడు, ఆయన ఒక్కడే ఉంటాడు కదా అని. బెంచీ మీద తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు, అంటే లేచి తిరిగాడు. లోపలికెళ్ళాక ఆయన అలవాటుగా "ఎక్కడ నొప్పి?" అన్నాడు. మా వాడు కంగారులో ఒక దవడ పన్ను చూపించాడు. అది నిజంగానే పుచ్చి ఉంది! సూది వేసి పీకేశాడు.

రక్తం ఆగడానికి దూది కుక్కి, "అరగంట మాట్లాడకండి" అన్నాడట డాక్టరు. అప్పుడు మాట్లాడాడు మా వాడు. పెదవి మొద్దుబారి, దూది అడ్డం పడి, "నన్నూ మీలో తేర్తుకుంతారా" అన్నాడట. నోరు తిమ్మిరెక్కితే గానీ వాడి సిగ్గు చావలేదు. డాక్టరు పట్టకారు కింద పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, కుడి చెయ్యి చాచాడట. ఇది ఇద్దరూ విడివిడిగా చెప్పారు నాకు, కాబట్టి నిజమే.

అడగ్గానే అయిపోదు. ముగ్గురు మనుషులు ఇంటికి వచ్చి చూస్తారు. ఇంట్లోవాళ్ళకి ఇష్టమేనా, మనిషి ఎలాంటివాడు, అన్నీ కనుక్కుంటారు. సిమెంటాయన, దర్జీ, నేనెరగని ఒక బ్యాంకు మేనేజరు వచ్చారు. మూడంతస్తులెక్కి సిమెంటాయన బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

మా మేనల్లుడు ఊరుకోలేదు. "ఏమనుకోకండి సార్, ఈ రోజుల్లో ఈ ముందుగుడ్డలూ, కత్తులూ ఎందుకు? ఎవరికైనా సాయం చెయ్యాలంటే ఫోన్లో నొక్కితే డబ్బు చేరిపోతుంది."

"నొక్కొచ్చు బాబూ, మేమూ నొక్కుతాం," అన్నాడు సిమెంటాయన ఊపిరి తీసుకుని. "మీ అమ్మగారిని మెట్లు దింపడానికి మాత్రం ఏం నొక్కాలో నాకు తెలీదు. ఇంకో మాట. నేనూ డ్రిల్లు మాస్టారూ చెరో పార్టీ. ఎన్నికలొస్తే ఆయన మా ఇంటి ముందు మైకు పెట్టి తిట్టించేవాడు. లాడ్జిలో పార్టీ మాటా, మతం మాటా ఎత్తకూడదు. అందుకని ఆ తలుపు లోపల పక్కపక్కన కూర్చునేవాళ్ళం. తలుపనేది లేకపోతే మీ అమ్మగారి కుర్చీకి మేమిద్దరం చెరో పక్క పట్టుకునేవాళ్ళమా?"

మేనల్లుడు టీ తేవడానికి లేచాడు.

అప్పుడు బ్యాంకాయన గొంతు సవరించుకున్నాడు. "ఒక ప్రశ్న అందర్నీ అడగాలి. మీ మతం ఏదైనా మాకు పనిలేదు. పైన ఒకడున్నాడని నమ్ముతారా? నమ్మనివాణ్ణి తీసుకోవడానికి మా నియమం ఒప్పుకోదు."

మరదలు పోయిన రోజునుంచీ వాడు దేవుడి పటం వంక చూడలేదు. అవునంటే చాలు, పని అయిపోతుంది. అనరా అని కళ్ళతో చెప్పాను. వాడు కిటికీ దాకా వెళ్ళాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ముగ్గురి తలలూ వాడితోపాటు ఇటూ అటూ తిరుగుతున్నాయి.

"ఉన్నాడండీ," అన్నాడు చివరికి. "మా ఆవిడ పోయినప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు."

అయిపోయింది అనుకున్నాను. అబద్ధం ఆడటం కూడా నేర్పి ఉండాల్సింది వీడికి అనుకున్నాను. దర్జీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సిమెంటాయన బ్యాంకాయన వైపు తిరిగాడు. "మాటల్లేకుండా ఉండాలన్నా అవతల ఒకడుండాలి కదండీ," అన్నాడు. బ్యాంకాయన తలూపాడు. తరవాత నా వైపు తిరిగి, "మీకేమైనా అభ్యంతరమా అమ్మా?" అని అడిగాడు.

"మేకనెక్కించేటట్టయితే ముందే చెప్పండి. వాడికి మోకాళ్ళ నొప్పులు."

"మేక కూడా ముసలిదైపోయిందమ్మా," అన్నాడు సిమెంటాయన.

ఆ తరవాత ఓటు. ఒక పెట్టెలో అందరూ గోళీలు వేస్తారు, ఎవరు ఏది వేశారో తెలియదు. తెల్లది అవును, నల్లది కాదు. నల్లది పడిందా, తలుపు తెరుచుకోదు. ఆ సాయంత్రం మా వీధి రాళ్ళు అరిగేలా తిరిగాడు. నేనూ తిరిగాను, దాచడమెందుకు. డాక్టరు స్వయంగా నడిచి వచ్చాడు. వీధి మొదట్లోనే చెయ్యి ఊపి, "అన్నీ తెల్లవే!" అన్నాడు. కూరగాయలామె ఏం తెల్లవి అని ఈ రోజుకీ అడుగుతూనే ఉంది.

లోపల ఏం చేశారో వాడు చెప్పలేదు. ఎన్ని రకాలుగా లాగినా రాలేదు. నాకు తెలిసింది మాత్రం, వాడు చేరిన నెలలోనే దర్జీకి నడుం పట్టేసింది, కుర్చీలో ఒక మూల వాడిదయింది. పక్షవాతం వచ్చిన ఒక పంతులమ్మని నాలుగంతస్తులు దింపి వచ్చి, భుజం చూపించాడు. కమిలిపోయి ఉంది. మందు రాయబోతే, "ఉండనీ అక్కా," అన్నాడు. ఆ పూట ఉప్పు అడిగాడు. నా చెయ్యి జారి గరిటె కింద పడింది.

కుదురు మాత్రం రాలేదు. గంటలసేపు లోపల కూర్చోవడం వాడి తరం కాలేదు. వాడి మోకాలి చప్పుడుకి ముందువరస వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారట. అక్కడి హోదాల మెట్లన్నీ వరసగా ఎక్కాక, వాళ్ళే ఆలోచించి, తలుపు బయట కత్తి పట్టుకునే పని వాడికిచ్చారు. ఇన్నేళ్ళు లోపలికి పోవాలని కొట్టుకున్నవాడు, పోయి, మళ్ళీ బయటికొచ్చి నిలబడ్డాడు. నిలబడ్డాడని నేనంటున్నాను గానీ ఆ వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉంటాడు. వచ్చేవాణ్ణీ పోయేవాణ్ణీ పలకరిస్తాడు. ఇంతకన్నా నప్పే ఉద్యోగం వాడికి లిఫ్టుల కంపెనీ కూడా ఇవ్వలేదు.

మొన్న మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, గుమ్మం దగ్గర్నుంచి పెరటిదాకా నాలుగుసార్లు తిరిగాడు.

"చెప్పరా, ఏమిటి?"

"రొట్టెల కొట్టు ఆయన ఉన్నాడు కదక్కా, కొట్టు మూసేసినాయన. రోజూ షెడ్డుకొస్తున్నాడు. ఊతకర్రలు కడుగుతాడు, తుడుస్తాడు. తలుపు వేసే వేళకి మెట్ల కింద నిలబడి పైకి చూస్తాడు. వెళ్ళిపోతాడు."

"అడగమను."

"అనకూడదు. పిలవకూడదు. నేను కత్తి పట్టుకుని పైన, ఆయన కింద. ఆయన్ని చూస్తుంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. ఒక్క మాట అంటే చాలు. అనలేను. ఏం చెయ్యమంటావు?"

మళ్ళీ తిరిగాడు. వాడి మొహం చూస్తే, తనే మెట్ల కింద నిలబడ్డట్టుంది.

"ఇప్పుడున్నాడా షెడ్డులో?"

"ఉన్నాడు. ఎందుకు?"

"మీకు నియమాలున్నాయి. నాకేమున్నాయి? నేను ముందుగుడ్డ కట్టుకున్నానా, గోళీ వేశానా?"

"అక్కా, నువ్వు వెళ్ళి ఏదో..."

"నేను షెడ్డుకి వెళుతున్నాను. మోకాలు సలుపుతోంది, ఊతకర్ర కావాలి. అక్కడ రొట్టెలాయన కనిపిస్తే పలకరించకుండా ఉంటానా?"

చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాను. వెనక వాడి అడుగుల చప్పుడు, దగ్గరికి రాదు, దూరం పోదు.